మొదటి చెక్క లేత్: కొత్త మినీయా, పాత బరువుదా?

మాది తిరుపతి, కొర్లగుంట. ఇంటి వెనక రేకుల షెడ్డు, సింగిల్ ఫేజ్ కరెంటు. పప్పుగుత్తులు, బొంగరాలు, మహా అయితే ఎనిమిది అంగుళాల గిన్నెలు లేత్ మీద, అంటే చెక్కను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే మిషన్ మీద, తిప్పాలని ఆశ. వేప, టేకు ముక్కలు సామిల్లులో దొరుకుతున్నాయి. ఎర్రచందనం ఊసు మాత్రం ఎత్తకండి, ఆ కేసుల టెన్షన్ నాకొద్దు.

కొత్త మినీ లేత్ ఒకటి చూశా: అర హెచ్‌పీ మోటారు, నాబ్ తిప్పితే స్పీడు మారుతుంది, బల్ల మీద సరిపోతుంది. రెండోది రేణిగుంట రోడ్డులో ఒక వడ్రంగి అమ్ముతున్న పాతది. పోత ఇనుము బెడ్, ఒక హెచ్‌పీ, స్పీడు మారాలంటే బెల్టు మార్చాలి. బరువు వల్ల అదరదు, నా మనసు దానిమీదే ఉంది. కానీ స్పిండిల్ (చెక్కను తిప్పే షాఫ్టు) పట్టుకుని పైకీ కిందకీ ఊపితే సన్నగా టక్కుమంటోంది. బేరింగులు మారిస్తే పోయేదేనా, షాఫ్టే అరిగిందా? విప్పకుండా తేల్చుకునే దారి ఉందా? హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్ (చెక్కను రెండు కొసలా పట్టే భాగాలు) మొనలు ఎదురెదురు పెడితే సరిగ్గానే కలుస్తున్నాయి.

ఇంకోటి, పాత స్పిండిల్ త్రెడ్‌కి ఇప్పటి ఫోర్ జా చక్ (చెక్కను నాలుగు దవడలతో బిగించి పట్టేది) పట్టాలంటే ఏం కొలవాలి? ఉలులు, చక్, గ్రైండర్ కూడా కొనాలి కదా, అందుకే ముందే అడుగుతున్నా. మాధవమాల వైపు గానీ చిత్తూరులో గానీ లేత్ పని చేసే అన్నలెవరైనా ఉంటే కాస్త చెప్పండి.