'జాయింట్లీ అండ్ సెవరల్లీ' అంటే ఏంటండీ?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో నలుగురం కలిసి ఇల్లు తీసుకుంటున్నాం, నెలకు 1,600 పౌండ్లు. అగ్రిమెంటులో 'జాయింట్లీ అండ్ సెవరల్లీ లయబుల్' (బాధ్యులు) అని ఉంది. సెవరల్ అంటే చాలామంది కదా, తలా 400 కడితే చాలనేనా?

జవాబు 1: కాదండీ, అక్కడే బోల్తా పడేది. సెవరల్‌కి పాత అర్థం 'విడివిడిగా'. వాడుకలో పోయినా దస్తావేజుల్లో మిగిలింది. ఉత్త 'సెవరల్లీ' అని ఉంటే ఎవరి 400 వారివి. ముందు 'జాయింట్లీ', అంటే 'ఉమ్మడిగా', చేరిందా, ఒకడు చెప్పాపెట్టకుండా ఇండియా వెళ్లిపోతే ఓనరు ఆ 400 కాదు, బాకీ మొత్తం మీ ఒక్కరినే అడగొచ్చు. మిగతావాళ్ల దగ్గర రాబట్టుకోవడం మీ తిప్పలు. మీరు కట్టకపోతే తాను కడతానని గ్యారంటరుగా సంతకం పెట్టే బాబాయి మెడకూ అదే చుట్టుకోవచ్చు. ఆయన కాగితంలో 'ఈ టెనెంటు వాటా వరకే' అని రాయించండి.

జవాబు 2: మీరు అడగలేదు గానీ డిపాజిట్ చూసుకోండి. ఇంగ్లండ్‌లో ఏడాది అద్దె 50,000 లోపుంటే ఐదు వారాల అద్దెకు మించకూడదు. నెలంటే నాలుగు వారాలని లెక్కేసి 2,000 అడుగుతారు, ఇవ్వకండి. 1,600ని 12తో హెచ్చించి, 52తో భాగించి, ఐదుతో హెచ్చిస్తే 1,846. కట్టిన 30 రోజుల్లో ఓనరు దాన్ని ప్రభుత్వం ఆమోదించిన డిపాజిట్ రక్షణ స్కీములో పెట్టాలి. జాయింట్ అగ్రిమెంటుకి డిపాజిట్ ఒక్కటే. ఒకడు ఇస్త్రీపెట్టెతో కార్పెట్ కాల్చినా కోత అందరికీ. తాళాలు తీసుకున్న రోజే ఫొటోలు తీయండి.

జవాబు 3: మరీ భయపెట్టకండి. నలుగురూ సంతకం పెడితే తప్ప ఖాళీ చేసే నోటీసే చెల్లదు.

జవాబు 1: అది మీ స్కాట్లండ్ రూలు గురూగారూ! ఆయనుండేది లెస్టర్. ఇంగ్లండ్‌లో పీరియాడిక్ టెనెన్సీ (ముగింపు తేదీ లేకుండా నెలనెలా సాగే అద్దె) అయితే ఒక్కరు పద్ధతిగా నోటీసిచ్చినా నలుగురిదీ ముగుస్తుంది.

జవాబు 3: గ్లాస్గోలో 2017 డిసెంబరు నుంచీ నేను చెప్పిందే రూలు.

జవాబు 1: గ్లాస్గోలోనే.

జవాబు 2: మీ ఇద్దరి గొడవ తేలేలోపు ఆయన సంతకం పెట్టేస్తాడు. బాబూ, గదికో అగ్రిమెంటు ఇస్తారేమో ముందు అడుగు, అప్పుడు ఎవరి అద్దె వారిదే. ఇవ్వకపోతే, వెళ్లేవాడి చోట కొత్తవాడి పేరు రాయించాకే పాతవాడిని కదలనివ్వండి. ఆ మార్పుకి ఏజెంటు 50 పౌండ్లకు మించి అడిగితే నిజంగా అయిన ఖర్చు చూపించమను.