ఎండ మండే చోట గొడుగు కుక్కరా, పెట్టె కుక్కరా?

ఎండపొద్దు: నెలల తరబడి మబ్బు ముఖం చూడని పొడి ప్రాంతాల్లో ఆరుబయట సోలార్ వంట చేయాలంటే నా ఓటు గొడుగు ఆకారపు అద్దాల కుక్కర్‌కే, అంటే ఎండనంతా గిన్నె మీదికి మళ్లించే డిష్‌కే. మీటరున్నర వెడల్పున్న డిష్ మీద రెండు లీటర్ల నీళ్లు ఇరవై నిమిషాల్లో మరుగుతాయి, వేపుడు కూడా చేసుకోవచ్చు. గాజు మూత కింద ఎండ వేడిని పట్టి ఉంచే పెట్టె కుక్కర్ అయితే వంటకు రెండు మూడు గంటలు పడుతుంది. ఇంత ఎండ ఉండగా ఆ నత్తనడక దేనికి? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

నీడపట్టు: నేను కాదంటాను. డిష్ ఏడాదిన్నర వాడి పక్కన పెట్టేశాను. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. పది పదిహేను నిమిషాలకోసారి డిష్ తిప్పకపోతే వెలుగు గిన్నె మీద నుంచి జారిపోతుంది. అంటే వంటయ్యేదాకా నడినెత్తిన ఎండలో ఒక మనిషి కాపలా ఉండాలి. గిన్నెకు ఎంత ఎండైనా మంచిదే, వండేవాళ్ల సంగతేమిటి? ఓసారి నల్ల కళ్లద్దాలు మర్చిపోయి గిన్నెలోకి తొంగి చూశాను, చాలాసేపు కళ్ల ముందు మచ్చలే. పెట్టె అయితే తొమ్మిదింటికి గింజలు, నీళ్లు పోసి, సూర్యుడు వచ్చే వైపుకు కాస్త ముందుగానే తిప్పి పెట్టి ఇంట్లోకి వచ్చేస్తాను. మధ్యలో ఒకసారి చూస్తే చాలు. అడుగంటడం అన్న మాటే లేదు. ఆవిరి పెద్దగా పోదు కాబట్టి నీళ్లూ తక్కువే పడతాయి.

ఎండపొద్దు: వేపుడు మాట దాటేశారు. పెట్టెలో మహా అయితే 150 డిగ్రీలు, అదీ ఖాళీగా ఉన్నప్పుడు. బయట 45 డిగ్రీలు కాస్తున్నా అంతేనా!

గాజుమూత: బయటి వేడికీ వంటకూ మీరనుకున్నంత సంబంధం లేదండి. ఒరాస్ ద సొస్యూర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త 1767లోనే గాజు పలకల పెట్టె తయారు చేశాడు. తర్వాత దాన్ని కొండ మీదికి మోసుకెళ్లి చూస్తే, అక్కడి చలిగాలిలోనూ లోపలి వేడి దాదాపు కిందున్నంతే ఉంది. పనిచేసేది ఎండ, గాలి వేడి కాదు. పొడి ప్రాంతంలో ఇంకో చిక్కుంది, దుమ్ము. గాల్లో దుమ్ము లేస్తే ఎండ చెదిరిపోతుంది. డిష్‌కు నేరుగా పడే కిరణాలే కావాలి, చెదిరిన వెలుగు దానికి పనికిరాదు. పెట్టె కొంతైనా పట్టుకుంటుంది. అద్దాలు తుడిచే పని మాత్రం రెంటికీ తప్పదు.

నీడపట్టు: వేపుడుకు డిష్షే కావాలి, ఒప్పుకుంటాను. కానీ రోజూ వేపుడే తినం కదా. కొత్తవాళ్లకు ఒక మాట: పెట్టె ఉంది కదా అని తెల్లవారకముందే మాంసం లోపల పెట్టేయకండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటలకొద్దీ ఉంటే క్రిములు పెరుగుతాయి. ఎండ బాగా ఎక్కాకే పెట్టండి. రాత్రికి కావాలంటే, దించగానే వేడి గిన్నెను మందపాటి దుప్పట్లలో చుట్టేయండి.

ఎండపొద్దు: చెప్పకూడదనుకున్నాను గానీ, మొన్న సుడిగాలికి నా డిష్ గిన్నెతో సహా బోర్లా పడింది. దాన్ని అమ్మేయాలనుకోవడం లేదు. కానీ మధ్యాహ్నం బయట నిలబడలేకపోతున్న మాట నిజమే. మీరు గింజలు ముందే నానబెడతారా?

నీడపట్టు: రాత్రే నానేస్తాను. లేకపోతే పెట్టెలో సాయంత్రం దాకా ఉడుకుతూనే ఉంటాయి.