కోల తలకి సరిపోయే సైకిల్ హెల్మెట్ యాడ దొరుకుద్ది?

కోవూరు లెక్కలాయన:
నమస్తే. నాకు 47 ఏళ్ళు, హైస్కూల్లో లెక్కలు చెప్తా. షుగర్ బయటపడ్డాక సైకిల్ మొదలుపెట్టా. రోజూ పెన్నా బ్రిడ్జి దాటి నెల్లూరులో ఒక చుట్టు, ఆదివారం మైపాడు సముద్రం దాకా. కాళ్ళతో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా తలతోనే.

నా తల కోలగా ఉంటది. ముందుకీ వెనక్కీ సాగి, చెవుల దగ్గర నొక్కుకుపోయి ఉంటది. బళ్ళో నన్ను దోసకాయ అనేవాళ్ళు. పురిట్లో నీళ్ళు పోసేటప్పుడు అవ్వ తల సరిగ్గా ఒత్తలేదని మా అమ్మ, ఆవాల దిండు కుట్టమంటే నువ్వే కుట్టలేదని అవ్వ. ఆ తగువు అవ్వ పోయిందాకా తెగలా.

టౌన్లో ఒక షాపులో ఎల్ సైజు కొన్నా. హెల్మెట్ వెనక ఉండే బిగింపు చక్రం తిప్పి, "పట్టేసింది సార్" అన్నాడు. మైపాడు చేరేలోపల నుదుటి మీద రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చ, వెనక బుడిపె దగ్గర ఒకటే పోటు. అదే టైములో చెవుల పైన వేలు దూరేంత సందు! చక్రం బిగిస్తే తలనొప్పి, వదులు చేస్తే గుంటొచ్చినప్పుడల్లా కళ్ళ మీదికి జారుద్ది. ఎక్స్‌ఎల్ పెట్టి చూశా, అన్నం గిన్నె బోర్లించుకున్నట్టుంది. ఆన్‌లైన్‌లో "ఏషియన్ ఫిట్" అని కనపడితే, మనమూ ఆసియా వాళ్ళమే గదా అని తెప్పించా. అది ఇంకా ఘోరం, వాపసు పంపేశా.

మోటార్ సైకిల్‌ది పెట్టుకోమని ఇంటావిడ సలహా. ఎండాకాలం నెల్లూరులో కిలో పైన బరువుండే ఆ కుండలో తల పెట్టి సైకిల్ తొక్కాలంటే నావల్ల కాదు. కోలతల వాళ్ళెవరన్నా ఉంటే దారి చెప్పండి.

స్టోన్‌హౌస్‌పేట కుర్రోడు:
అయ్యవారూ, లోపలుండేది థర్మకోలే గదా. నుదురు తగిలేకాడ ఉప్పుకాగితంతో రెండు మిల్లీమీటర్లు రుద్దేయండి. మా తమ్ముడు అట్టనే చేశాడు, ఏం కాలా.

చీమకుర్తి పలక:
మీ తమ్ముడు ఇంకా కింద పడలేదు, అందుకే ఏం కాలా.

సార్, దయచేసి రుద్దకండి. దెబ్బ తగిలినప్పుడు నలిగిపోయి, ఆ జోరు తలకి చేరకుండా ఆపేది ఆ థర్మకోలే. యూరప్ వాళ్ళ ఈఎన్ 1078 పరీక్షలో హెల్మెట్టుని ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి ఇనప దిమ్మె మీదికి వదులుతారు. పాసయిన మందం ఎంతో అంత ఉండాలి. నుదుటి దగ్గర మీరు తగ్గించాక అది పాసయిన హెల్మెట్టు కాదు. ఇంకోటి, అదనపు మెత్తలు అంటించాలనుకుంటే పంక్చర్ సొల్యూషన్ వాడొద్దు, థర్మకోల్ కరిగిపోతది. మా ఆయన ఒకటి అట్లాగే పాడుచేశాడు.

నేను గ్రానైట్ ఫ్యాక్టరీలో కొలతలు చూస్తా. మిల్లీమీటరు తేడా వస్తే పలక వెనక్కొస్తది, అందుకని తలని కూడా అట్లాగే చూస్తా. టేపు చుట్టి సెంటీమీటర్లు చెప్తే సగం సంగతే తెలుస్తది. 57 చుట్టుకొలత గుండ్రటి తలకీ ఉండొచ్చు, మీ దోసకాయకీ ఉండొచ్చు. డబ్బా మీద మాత్రం ఇద్దరికీ ఒకే సైజు.

గోడకి వీపు ఆనించి నిలబడండి. వెనక బుడిపె గోడకి తగలాలి. నుదుటికి ఒక అట్టపుస్తకం నిలువుగా ఆనించి, గోడకీ పుస్తకానికీ మధ్య దూరం కొలిపించండి. అది పొడవు. చెవుల పైన రెండు పుస్తకాలు చెరోపక్క ఆనించి కొలిస్తే వెడల్పు. లెక్కల అయ్యవారికి నిష్పత్తి నేను చెప్పక్కర్లేదు.

ఏషియన్ ఫిట్ అంటారా, అది జపాన్, కొరియా, చైనా వాళ్ళ తలల్ని చూసి చేసింది. వెడల్పెక్కువ, పొడవు తక్కువ. మన వైపు తలలు చాలావరకు అంత గుండ్రంగా ఉండవు. మీకైతే అది పూర్తిగా ఎదురు. వెనక చక్రం కూడా లోపలి పట్టీనే బిగిస్తది, థర్మకోల్ గుంట ఆకారం మారదు. కాబట్టి గుంటే కోలగా ఉండే మోడల్ వెతకాలి. పక్కల సందుని మందం మెత్తలతో నింపుకోవచ్చు గానీ, ముందు తగిలే నొప్పిని ఏ మెత్తా తీయలేదు.

కోవూరు లెక్కలాయన:
అమ్మా, కొలిచాం. పొడవు 20.8, వెడల్పు 14.8, చుట్టుకొలత 57. పొడవులో వెడల్పు 71 శాతం. మా ఇంటావిడది 83! ఆమె నా ఎల్ హెల్మెట్ పెట్టుకుంటే అచ్చు గుద్దినట్టు కూర్చుంది. ఆ షాపాయన్ని ఇన్నాళ్ళూ ఊరికే తిట్టుకున్నా.

వేదాయపాళెం బాబాయ్:
తిరుమల పోయి గుండు కొట్టించుకున్న వారంలో మాత్రం హెల్మెట్ కొనకు నాయనా. నేను కొన్నా. జుట్టు మొలిచాక బిగుసుకుపోయింది.

కోవూరు లెక్కలాయన:
మూడు వారాల తర్వాత రాస్తున్నా. పినాకిని రైల్లో మద్రాసు పోయి, రాత్రికి బస్సులో తిరిగొచ్చా. మొత్తం తొమ్మిది పెట్టి చూశా. ప్రతిదీ పావుగంట తలమీదే ఉంచుకుని, తీసి అద్దంలో మచ్చ చూసుకున్నా. గడ్డం పట్టీ పెట్టకుండా చక్రం మాత్రం బిగించి, వంగి తల ఊపా. షాపులో పిల్లోడు నాకు పూనకం వచ్చిందనుకున్నాడు.

ఎనిమిదోది కుదిరింది. ఎం సైజే! వెనక పట్టీని లోపల మూడు బొక్కల్లో ఎక్కడైనా తగిలించుకోవచ్చు, దాన్ని చివరి బొక్కలోకి జరిపాం. నుదుటికి పల్చటి మెత్త, చెవుల పైన డబ్బాలో వచ్చిన మందం మెత్తలు. కనుబొమ్మల పైన రెండు వేళ్ళు వదిలి నిటారుగా కూర్చుంది. నిన్న మైపాడు పోయొచ్చా, మచ్చ పడలా. ఎడమ పక్క కొంచెం సందు ఇంకా ఉంది, తల అటువైపు ఇంకాస్త నొక్కుకుపోయిందంట. అది అవ్వ ఖాతాలో రాశా.

ఇంటావిడ సైకిల్ ఎక్కనంటోంది గాబట్టి ఆ పాత ఎల్ అట్టనే ఉంది, ఒక్కసారి కూడా కింద పళ్ళేదు. నెల్లూరు చుట్టుపక్కల 80 శాతం దాటిన తల ఎవరిదన్నా ఉంటే వచ్చి తీసుకుపోండి. డబ్బులొద్దు, కొలతలు మాత్రం నేనే తీస్తా.