చార్లెస్టన్ గడ్డి బుట్టలు: ఇంత ధర సమంజసమేనా, వీటి వెనుక ఉన్నవారు ఎవరు?

చేనేత_ప్రియ:

అందరికీ నమస్కారం. మేము అట్లాంటాలో ఉంటాము. ఇటీవల సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ చూడటానికి వెళ్ళి, కూపర్ నది వంతెన దాటి మౌంట్ ప్లెజెంట్ మీదుగా 17వ నంబరు రహదారిపై వెళుతుండగా, దారి పక్కన చిన్న చిన్న చెక్క పందిళ్ళు, వాటి నిండా మేకులకు తగిలించిన గడ్డి బుట్టలు కనిపించాయి. ప్రతి పందిరిలోనూ ఒక నల్లజాతి మహిళ కూర్చుని బుట్ట కుడుతూనే ఉన్నారు. పని చాలా నాణ్యంగా ఉన్నది కాని, అరచేతిలో ఇమిడే బుట్టకే పదుల డాలర్లు, కాస్త పెద్దదానికి వందల డాలర్లు చెప్పేసరికి కొనకుండానే వెనుదిరిగాము. ఇవి యాత్రికుల కోసం పుట్టిన సరుకు మాత్రమేనని మావారి అభిప్రాయం. నాకు అలా అనిపించలేదు. ఈ పని ఎప్పటినుంచి ఉన్నది, ఎవరు చేస్తున్నారు, ఆ ధరలో న్యాయం ఎంత, అసలైన బుట్టను గుర్తించడం ఎలా అన్న సంగతులు తెలిసినవారు దయచేసి వివరించగలరు.

తీరవాసి:

మీరు చూసిన మహిళలు గల్లా గీచీ ప్రజలు. నార్త్ కరోలినా నుంచి ఫ్లోరిడా దాకా అట్లాంటిక్ తీరంలోనూ, తీరాన్ని ఆనుకొని ఉన్న దీవులలోనూ వరి, నీలిమందు, పత్తి తోటలలో బానిసలుగా పనిచేసిన ఆఫ్రికన్ల సంతతివారు. బుట్టల కథ వరితోనే మొదలవుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్, గాంబియా, సియెర్రా లియోన్ ప్రాంతాల ప్రజలకు వరి సాగు తరతరాల విద్య. పదిహేడవ శతాబ్దం చివరి నుంచి కరోలినా తీరపు చిత్తడి నేలలలో వరి వేసిన తోటల యజమానులకు కావలసినది వారి కండబలమే కాదు, వారి నేర్పు కూడా. చార్లెస్టన్‌లో యాత్రికులు ఫొటోలు తీసుకునే ఆ పెద్ద పెద్ద మేడల సొమ్ములో అధికభాగం ఆ వరి సొమ్మే.

దంచిన వడ్లను గాలికి ఎగరవేసి పొట్టు పోగొట్టడానికి వారు వాడిన వెడల్పైన పళ్ళెం వంటి బుట్టను ఫానర్ అనేవారు. మన చేట చేసే పనే అది చేసేది. కాకపోతే చేటను వెదురు బద్దలతో అల్లుతారు, ఫానర్‌ను గడ్డి కట్టను గుండ్రంగా చుట్టుకుంటూ చుట్టుకు చుట్టును కలిపి కుడతారు. సెనెగల్‌లో ఇప్పటికీ ఈ చుట్ల పద్ధతిలోనే బుట్టలు చేస్తారు. తోటలలో ఫానర్లను ఎక్కువగా మగవారే, బుల్‌రష్ అనే గట్టి జమ్ముతో చేసేవారు. ఇంటి వాడకానికి చేసే చిన్న, నాజూకైన బుట్టలు ఆడవారి చేతిపని. ఈనాడు మీరు చూసినవి ఆ రెండవ పాయకు చెందినవి.

ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాలలో, వరుస తుపానులతోనూ బయటి ప్రాంతాల పోటీతోనూ కరోలినా వరి వ్యాపారం పూర్తిగా చితికిపోయింది. పొలాలతో పాటు ఫానర్ కూడా మూలపడింది. అయినా మౌంట్ ప్లెజెంట్ పరిసరాలలోని నల్లజాతి కుటుంబాలు కుట్టు మానలేదు. 1910ల ద్వితీయార్ధంలో చార్లెస్టన్ వర్తకుడు ఒకరు వీరి బుట్టలను టోకున కొని దుకాణాలకు అమ్మడం మొదలుపెట్టారు. లాభంలో పెద్ద వాటా ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. 1929లో కూపర్ నదిపై వంతెన వచ్చి, ఆ దారిన కార్లు పెరిగాక, కుట్టేవారే రహదారి పక్కన పందిళ్ళు వేసుకుని నేరుగా అమ్ముకోవడం ఆరంభించారు. మీవారు చెప్పినదానిలో కొంత నిజం ఉన్నది: ఈ పందిళ్ళను నిలబెట్టినది యాత్రికుల డబ్బే. కాని ఆ పని యాత్రికుల కోసం పుట్టినది కాదు. దళారి చేతిలోంచి తమ సరుకును తాము తెచ్చుకున్న స్త్రీలు కట్టిన పందిళ్ళు అవి. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో ముఖ్యమైన ఘట్టం అదే. మ్యూజియంలవారు మాత్రం ఆఫ్రికా మూలాల గురించి చెప్పినంత శ్రద్ధగా దీని గురించి చెప్పరు.

లెక్కల_మాస్టారు:

పై వివరణ బాగుంది, కాని ఒక సందేహం. ఒక వస్తువు వెనుక బాధాకరమైన చరిత్ర ఉన్నంత మాత్రాన దాని ధర సమంజసం అయిపోతుందా? చరిత్రకు వెల కట్టి కొనుగోలుదారు నెత్తిన రుద్దడం నాకు నచ్చదు. గడ్డి ఉచితంగా పెరిగేదే కదా. ధరను సమర్థించాలంటే పని గంటలు, ముడిసరుకు లెక్క చెప్పాలి. సానుభూతి లెక్కలోకి రాదు.

తీరవాసి:

మాస్టారు గారు అడిగిన తీరు సబబే. సానుభూతి పక్కన పెట్టి గడ్డితోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఆ గడ్డి ఉచితం కాదు.

ఈ బుట్టలకు వాడే స్వీట్‌గ్రాస్ అనే గడ్డి సముద్రపు ఇసుక దిబ్బల వెనుక, చిత్తడి అంచులలో పెరుగుతుంది. దానిని కొడవలితో కోయరు. మొదలు నేలలోనే మిగిలి మళ్ళీ చిగురించేటట్లుగా గుప్పిటతో పట్టి పరకలను పైకి లాగుతారు. ఈ కోత వేసవి ఎండలో, దోమల మధ్య, పాముల భయంతో చేసే పని. ఎక్కువగా ఇంటి మగవారి మీద పడుతుంది. లాగిన గడ్డిని రోజుల తరబడి ఎండబెట్టాలి. ఒకప్పుడు ఇంటి వెనుక దారిన నడిచి వెళ్ళి తెచ్చుకున్న గడ్డి ఇది. గత అర్ధశతాబ్దానికి పైగా కాలంలో కియావా, హిల్టన్ హెడ్ వంటి దీవులు రిసార్టులుగా, గేట్లు వేసిన కాలనీలుగా మారిపోయాక, తాతలనాటి గడ్డి మడుల ముందు కాపలాదారులు నిలబడ్డారు. ఇప్పుడు చాలామంది జార్జియా, ఫ్లోరిడా తీరాల దాకా వెళ్ళి తెచ్చుకుంటున్నారు, లేదా కోసి తెచ్చేవారి దగ్గర కొంటున్నారు. గడ్డిని తోటలుగా నాటి పెంచే ప్రయత్నాలు జరిగాయి గాని, ఇళ్ళ స్థలాల గిరాకీ ముందు అవి చిన్నవే.

ఇక పని గంటలు. బుట్ట అడుగు మధ్యలో ఒక ముడి ఉంటుంది. చాలామంది దానిని గోధుమరంగు పైన్ సూదులతో, అంటే పైన్ చెట్టు సన్నని ఆకులతో, వేస్తారు. ఆ ముడి చుట్టూ గడ్డి కట్టను తిప్పుతూ, పామెట్టో అనే తాటి జాతి చెట్టు ఆకును సన్నని పేలికలుగా చీల్చి ఆ పేలికతో కుడతారు. కుట్టడానికి సూది ఉండదు. స్పూను కాడను విరిచి, చివర అరగదీసి చేసుకున్న పనిముట్టుతో కింది చుట్టులో సందు చేసి, ఆ సందులోంచి పేలికను దూర్చి, బిగించి లాగుతారు. పూర్వం ఆ పనిముట్టును పశువుల పక్కటెముకతో చేసేవారు గనుక నేటికీ దానిని బోన్ అనే పిలుస్తారు. కట్ట సన్నబడుతుంటే కొత్త పరకలను లోపలికి చొప్పిస్తూ పోవాలి, లావు మారకూడదు. మార్గం తప్పకుండా కుట్ల వరుస నడిమి నుంచి అంచు దాకా వంపు తిరుగుతూ సాగాలి. చిన్న పళ్ళేనికి కూడా గంటలు పడతాయి; పిడి, మూత ఉన్న పెద్ద బుట్టకు వారాలు, నెలలు పట్టవచ్చు. చెప్పిన ధరను ఆ గంటలతో భాగించి చూడండి మాస్టారు గారూ, అమెరికాలో ఏ వడ్రంగీ, ప్లంబరూ ఒప్పుకోని కూలి వస్తుంది.

పాఠకురాలు_షార్లట్:

ధరల విషయంలో ఒక మాట చేర్చాలి. ఈ పనిలో అందరి ధరా ఒకటి కాదు. మౌంట్ ప్లెజెంట్‌కు చెందిన మేరీ జేన్ మానిగాల్ట్‌కు 1984లో, సంప్రదాయ కళాకారులకు అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. అదే ప్రాంతంలో పుట్టిన మేరీ జాక్సన్‌కు 2008లో మకార్థర్ ఫౌండేషన్ ప్రతిభావంతులకు ఇచ్చే ఫెలోషిప్, 2010లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ లభించాయి. మేరీ జాక్సన్ చిన్నతనంలోనే తల్లి దగ్గర, అమ్మమ్మ దగ్గర ఈ పని నేర్చుకున్నారు. తరువాత పాత రూపాలను పెద్దవి చేసి, గడ్డి చివరలను కత్తిరించకుండా అంచు చుట్టూ విచ్చుకునేటట్లు వదిలి, శిల్పాల వంటి బుట్టలు కుట్టారు. అవి మ్యూజియంలలో ఉన్నాయి, వాటి ధరలు వేరు. దారి పక్కన కూర్చున్న ఆమె చేతిలోనూ అదే కుట్టు ఉన్నది కాని, ఆమె బుట్టకు ఆ ధర రాదు. చేతిపనిని గౌరవిస్తున్నామని చెప్పుకునే సంస్థలు ఒకరిద్దరిని కళాకారులుగా ఎత్తి, మిగిలినవారిని దారి పక్కన వదిలేస్తాయన్న విమర్శలో అర్థం లేకపోలేదు. ఇంకొక వైపు చూస్తే, ఆ ఒకరిద్దరికి వచ్చిన గుర్తింపు వల్లనే గడ్డి దొరకని సమస్య పత్రికలకు ఎక్కింది. సౌత్ కరోలినా 2006లో ఈ బుట్టను రాష్ట్ర అధికారిక హస్తకళగా ప్రకటించింది. ఆ ప్రకటన ఏ కాలనీ గేటునూ తెరవలేదనుకోండి.

చేనేత_ప్రియ:

అందరికీ కృతజ్ఞతలు. మావారికి ఇదంతా చదివి వినిపించాను. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గాని, ఈసారి కొందామన్నారు. రెండు సందేహాలు మిగిలాయి. అక్కడ బేరం ఆడవచ్చునా? చార్లెస్టన్ సిటీ మార్కెట్‌లో కూడా బుట్టలు ఉన్నాయి, అక్కడ కొంటే నష్టమా?

తీరవాసి:

సిటీ మార్కెట్‌లోనూ అసలైన కుట్టుపనివారు ఎప్పటినుంచో కూర్చుంటున్నారు, కనుక చోటును బట్టి అనుమానించనవసరం లేదు. అయితే చూడటానికి ఇలాగే ఉండే దిగుమతి బుట్టలు కూడా వ్యాపారంలో ఉన్నాయి. అమ్మేవారి చేతిలో సగం కుట్టిన బుట్ట ఉన్నదా లేదా అన్నది మొదట చూడండి. ఎవరు కుట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, గడ్డి ఎక్కడిది అని అడగండి. కుట్టినవారైతే ఆగకుండా చెబుతారు. బుట్టను తిప్పి అడుగు చూస్తే నడిమి ముడి గట్టిగా, కుట్లు దగ్గరగా ఉండాలి. ఒకే బుట్టలో లేత రంగు స్వీట్‌గ్రాస్, గోధుమరంగు పైన్ సూదులు, ముతక బుల్‌రష్ వేర్వేరుగా కనిపిస్తాయి. ఆ రంగులు అద్దకం కాదు, ఆ గడ్డివే.

బేరం అంటే, రెండు మూడు బుట్టలు ఒకేసారి తీసుకుంటే కొందరు వారంతట వారే తగ్గిస్తారు. అంతకు మించి గీచి గీచి అడగడం నాకైతే ఇష్టం ఉండదు. మీ దగ్గర ఉన్న మొత్తం ముందే చెప్పి, ఆ ధరలో ఏది వస్తుందని అడగడం మర్యాద. చిన్న పళ్ళెమైనా ఆ చేతి పనే కదా.

పాఠకురాలు_షార్లట్:

కొన్న తరువాత భయపడి అద్దాల బీరువాలో దాచకండి, ఇవి వాడుకునే వస్తువులే. దుమ్ము పడితే చల్లని నీటిలో కాస్త సబ్బు వేసి మెత్తగా కడిగి, తడిగా ఉన్నప్పుడే చేత్తో ఆకారం సరిచేసి, గాలికి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉండగా ప్లాస్టిక్ సంచిలో పెడితే మాత్రం బూజు పడుతుంది.