అప్‌డేట్: పొద్దున మంచం దిగంగనే మడమ పోటు, తగ్గింది

8 నెలల మడమ నొప్పి, 92 కిలోల బరువు, ముందు ఏది తగ్గించుకోవాలె అని అడిగిన. జవాబిచ్చినోళ్లందరికీ థ్యాంక్స్.

నల్లగొండలో ఎముకల డాక్టర్ బొటనవేలు పైకి వంచి, మడమ లోపలి అంచు నొక్కి చూసి ప్లాంటార్ ఫేషియైటిస్ (మడమ నుంచి వేళ్ల దాక పాదం అడుగున ఉండే పట్టీకి వచ్చే నొప్పి) అన్నరు. ఎక్స్‌రేల మడమ ఎముకకు కనిపించిన ముల్లును పట్టించుకోవద్దన్నరు, నొప్పి లేనోళ్లకూ అది ఉంటదట. యూరిక్ యాసిడ్ నార్మల్. అది ఎక్కువైందేమోనని పప్పు మానేసుడు దండగే అయింది.

పనిచేసింది ఇక్కడ చెప్పిన మెట్టు వ్యాయామమే. చుట్టిన టవల్ వేళ్ల కింద, మడమ మెట్టు అంచు బయట. 3 సెకన్లు మడమ లేపుడు, 2 ఆపుడు, 3 దించుడు. 12 సార్లు, 3 విడతలు, రోజు విడిచి రోజు. టవల్ లేకుంటే వేళ్లు అంతగా పైకి వంగవు, పని ఎక్కువ పిక్కకే పోతది. మొదటి వారం రోజూ చేసి నొప్పి పెంచుకున్న. మంచం దిగకముందు చేత్తో వేళ్లు వెనక్కి గుంజి 10 సెకన్లు, 10 సార్లు. ఇంట్ల శాబాదు బండల మీద గూడ మెత్తటి చెప్పులే.

బరువా? 3 నెలలకు 4 కిలోలే తగ్గింది, నొప్పి అంతకుముందే సగమైంది. బరువు కోసం నడక పెంచితే మడమ నొప్పి మళ్లీ లేస్తది. సైకిల్ తొక్కుడు, రాత్రి అన్నం తగ్గించుడు నయం.