డెలివరీ తేదీ మళ్ళీ వాయిదా: ఆగాలా, బుకింగ్ రద్దు చేసుకోవాలా?

తొలిబండి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇదే మొదటి ఎలక్ట్రిక్ కారు. బుక్ చేసినప్పుడు చెప్పిన నెల దాటిపోయింది, ఆ తర్వాత చెప్పిన నెల కూడా దాటిపోయింది. ఇప్పుడేమో "వచ్చే మూడు నెలల్లో పక్కా" అంటున్నారు. యాప్ తెరిస్తే "ఉత్పత్తికి సిద్ధం" అన్న ఒక్క మాట, దాని పక్కన సగం నిండిన పచ్చగీత. ఆ గీత ఎంతకీ ముందుకు జరగదు. పాత కారుకు బేరం కుదిరింది, కొనేవాళ్ళు ఎప్పుడిస్తారని రోజూ ఫోన్ చేస్తున్నారు.

ఇదిలా ఉంటే, అదే షోరూమ్‌లో ఒక మెట్టు కింది వేరియంట్ వేరే రంగులో స్టాక్ ఉందట, ఈ వారమే ఇస్తామంటున్నారు. ఇంట్లో సగం మంది ఆగమంటారు, సగం మంది ఉన్నది తెచ్చేసుకోమంటారు. నాకైతే టెన్షన్ తప్ప ఇంకేం మిగల్లేదు. మీరైతే ఏం చేస్తారు? ఎందుకో కూడా చెప్పండి.

నిదానం

ఆగండి. కారు ఎనిమిదేళ్ళో పదేళ్ళో వాడతారు. నాలుగు నెలల ఆలస్యానికి విసిగిపోయి ఇష్టంలేని రంగు, అవసరానికి చాలని రేంజ్ (ఒక్క ఛార్జ్‌తో వెళ్ళే దూరం) ఉన్న బండి తెచ్చుకుంటే అన్నేళ్ళూ మనసులో పీకుతూనే ఉంటుంది.

ఆలస్యం ఈ రంగంలో కొత్తేమీ కాదు కూడా. టెస్లా మోడల్ 3ని 2016 మార్చి 31న చూపించారు. వారం తిరిగేసరికి మూడు లక్షలకు పైగా బుకింగ్‌లు పడ్డాయి. మొదటి కార్లు 2017 జులైలో బయటికొచ్చాయి, అవీ సొంత ఉద్యోగులకే. వారానికి ఐదు వేల కార్లు తయారుచేసే స్థాయికి చేరడానికి 2018 జూన్ నెలాఖరు దాకా పట్టింది. అప్పటిదాకా ఆగినవాళ్ళకు మంచి కారే దొరికింది. 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు దాదాపు అన్ని కంపెనీలూ ఇదే పరిస్థితిలో పడ్డాయి. అందులో కొనేవాళ్ళ తప్పూ లేదు, అమ్మేవాళ్ళ తప్పూ లేదు.

ఇంకో మాట. ఈ రంగంలో ఆగినవాడు సాధారణంగా నష్టపోడు. బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ లెక్కల్లో కిలోవాట్ అవర్‌కు (ఒక యూనిట్ కరెంటు పట్టే సామర్థ్యానికి) బ్యాటరీ ప్యాక్ ధర 2010లో వెయ్యి డాలర్ల పైమాట, 2024లో 115 డాలర్లు.

సర్క్యూట్

నిదానం గారూ, మీ ఉదాహరణలు నిజమే. కానీ మీరు అన్ని ఆలస్యాలనూ ఒకే గాటన కడుతున్నారు. నా దృష్టిలో ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఛాసిస్ నంబరు (ఒక్కో కారుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చారా, లేదా?

నంబరు వచ్చిందంటే మీ పేరు మీద ఒక కారు ఉన్నట్టు. అది ఫ్యాక్టరీలో ఉందా, ఓడ మీద ఉందా, యార్డులో ఉందా అన్నది కనుక్కోవచ్చు. అలాంటి కారు కోసం ఎన్నాళ్ళైనా ఆగండి, నేనేమీ అనను. నంబరు రాలేదంటే మీ దగ్గర ఉన్నది మాట మాత్రమే. రెండుసార్లు వాయిదా పడి, ఇప్పటికీ నంబరు లేదంటే నేనైతే డబ్బు వెనక్కి అడుగుతాను. ఇది కోపంతో చెప్పే మాట కాదు. ఆగినన్నాళ్ళూ రిస్కంతా కొనేవాడి నెత్తినే ఉంటుంది కాబట్టి చెబుతున్నాను.

మొదటిది ప్రభుత్వ రాయితీ. చాలాచోట్ల ఇలాంటివి బుకింగ్ తేదీని బట్టి రావు. జర్మనీలో రాయితీ ఆపేస్తున్నామని 2023 డిసెంబరు 16న ప్రకటించారు, 17తో దరఖాస్తులు ఆపేశారు. కారు రిజిస్ట్రేషన్ అయ్యాకే దరఖాస్తు పెట్టాలన్నది అక్కడి నియమం. ఎప్పుడో ఆర్డర్ ఇచ్చి డెలివరీ కోసం చూస్తున్నవాళ్ళకు ఒక్క రాత్రిలో చేతికి రావాల్సిన డబ్బు పోయింది. కొన్ని కంపెనీలు ఆ మొత్తాన్ని తామే భరించాయి గానీ అది వాటి దయ, కొన్నవాళ్ళ హక్కు కాదు. అమెరికాలో 2025 సెప్టెంబరు 30తో పన్ను రాయితీ ముగిసినప్పుడు మాత్రం, ఆలోగా రాతపూర్వక ఒప్పందం చేసుకుని ఎంతో కొంత చెల్లించి ఉంటే కారు తర్వాత చేతికొచ్చినా రాయితీ వర్తిస్తుందన్నారు. రెండూ డెలివరీ ఆలస్యాలే. ఒకచోట ఒప్పందం కాగితం కాపాడింది, ఇంకోచోట కాపాడలేదు. తొలిబండి గారు ఉన్నచోట నియమం ఏమిటో ఈరోజే చూసుకోవాలి.

రెండోది ధర. టెస్లా తన సైబర్‌ట్రక్‌ను 2019 నవంబరులో చూపించి 39,900 డాలర్ల నుంచి మొదలన్నారు. 2023 నవంబరులో డెలివరీలు మొదలయ్యేసరికి అన్నిటికన్నా చవక వేరియంట్ 60,990. ఐదు వందల మైళ్ళకు పైగా అన్న రేంజ్ 340కి దిగింది. నాలుగేళ్ళు లైన్లో నిలబడ్డవాడికి ఆ లైను వల్ల ఒరిగిందేమిటి?

మూడోది అన్నిటికన్నా భయపెట్టేది. కంపెనీ కొత్తదైతే అసలు నిలబడుతుందా అన్నది. ఫిస్కర్ అనే అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ 2024 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. కారు చేతికొచ్చినవాళ్ళు సైతం సర్వీసు కోసం, సాఫ్ట్‌వేర్ కోసం తమలో తాము సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. ఇక అడ్వాన్సు మాత్రమే కట్టిన వాళ్ళెవరైనా సరే, దివాలాలో తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్ళ తర్వాతే వాళ్ళ వంతు.

బ్యాటరీ ధరలు తగ్గుతున్నాయని అన్నారు. నిజమే, కానీ అది ఇంకా బుక్ చేయనివాళ్ళకు పనికొచ్చే వాదన. రేటు ముందే రాసుకుని ఆగుతున్నవాడికి ఆ తగ్గుదల దానంతటదే రాదు.

నిదానం

నంబరు వచ్చినంత మాత్రాన భరోసా ఏముంది సర్క్యూట్ గారూ? 2022 ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే ఓడ అట్లాంటిక్‌లో తగలబడి మార్చి 1న మునిగిపోయింది. ఫోక్స్‌వాగన్ గ్రూపు కార్లు సుమారు నాలుగు వేలు దాంతోపాటే పోయాయి. అవన్నీ ఫ్యాక్టరీ దాటిన కార్లే, అన్నిటికీ నంబర్లున్నాయి. 2024 మొదట్లో ఎర్రసముద్రంలో దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సి వస్తే, విడిభాగాలు అందక టెస్లా బెర్లిన్ ఫ్యాక్టరీలోనే ఉత్పత్తి రెండు వారాలు చాలావరకు ఆగింది.

పైగా రద్దు చేసుకుంటే వెళ్ళేది ఎక్కడికి? ఇంకో కంపెనీ లైన్లో చివరికి. ఇన్నాళ్ళు నిలబడ్డ చోటు వదులుకోవడం నష్టం కాదా?

సర్క్యూట్

ఫెలిసిటీ ఏస్ సంగతి మీరే తెచ్చారు కాబట్టి చెబుతాను. ఆ ఓడలో లంబోర్గినీ కార్లు కూడా పోయాయి. వాటిలో అవెంటడార్ అనే మోడల్ ఉత్పత్తి అప్పటికే ముగిసింది. అయినా పోయిన వాటి బదులు చేసివ్వడానికి లైను మళ్ళీ తెరిచారు. ఫలానా కారు ఫలానావారిదని ఖరారైతే, అది పోయినప్పుడు సమాధానం చెప్పే బాధ్యత కంపెనీ మీద పడుతుంది. నేను నంబరు అడగమంటున్నది అందుకే. నంబరు లేని బుకింగ్‌కు పోవడానికి కూడా ఏమీ లేదు.

ఇన్నాళ్ళు నిలబడ్డాం కదా అంటారా, గడిచిన నెలలు ఆగినా రావు, మానుకున్నా రావు. ఇకమీద రాబోయే నెలల గురించే ఆలోచించాలి.

కౌంటర్ అవతల

కార్ల అమ్మకాల్లో చాలాకాలం ఉన్నాను. అందుకే రెండు మాటలు. షోరూమ్‌లో మీతో మాట్లాడే కుర్రాడికి తేదీ నిజంగానే తెలియదు. కంపెనీ ఒక్కో షోరూమ్‌కు ఇన్ని కార్లని కేటాయిస్తుంది, ఫ్యాక్టరీ ఒక్కో వేరియంట్‌ను విడతలవారీగా చేస్తుంది. మీ రంగు, మీ బ్యాటరీ, మీ సీట్ల కాంబినేషన్ ఏ విడతలో పడితే అప్పుడే. మీకంటే వెనక బుక్ చేసినవాళ్ళకు ముందు వచ్చిందంటే చాలాసార్లు కారణం అదే, మోసం కాదు.

కాబట్టి "ఎప్పుడొస్తుంది?" అని అడక్కండి. "నా వేరియంట్ తర్వాతి విడతలో ఉందా? రంగు మారిస్తే ముందుకు జరుగుతానా?" అని అడగండి. దీనికి వాళ్ళు జవాబు చెప్పగలరు. కేకలేస్తే మాత్రం ఏదో ఒక తేదీ చెప్పి ఫోన్ పెట్టేస్తారు, మూడో వాయిదా అక్కడే పుడుతుంది.

బ్యాటరీబెంచ్

స్టాక్‌లో ఉన్న కారు గురించి ఎవరూ చెప్పలేదు. యార్డులో నెలల తరబడి నిలబడ్డ ఎలక్ట్రిక్ కారును వద్దనాల్సిన పనిలేదు, కానీ చూడకుండా తీసుకోకూడదు.

ముందు టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారీ. కారు వయసు దాదాపు అక్కడే తెలిసిపోతుంది. బ్రేకు డిస్కుల మీద పైపైన తుప్పుంటే కంగారు పడకండి, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది. తర్వాత 12 వోల్టుల చిన్న బ్యాటరీ. కారు కదలకపోయినా లోపలి ఎలక్ట్రానిక్స్ దాన్ని కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. అది పూర్తిగా పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా కారు లేవదు. ఇంతకుముందు అలా పడిపోయిందేమో అడగండి, పడిపోయి ఉంటే కొత్తది వేయించాకే సంతకం పెట్టండి.

ఇక పెద్ద బ్యాటరీ. లిథియం సెల్స్‌కు నిండు ఛార్జ్, వేడి, ఈ రెండూ కలిసి ఎక్కువకాలం ఉంటే చేటు. సగం ఛార్జ్‌తో నీడలో ఉన్న కారుకు కొన్ని నెలలు పెద్ద లెక్క కాదు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ అయితే చాలాకాలం నిలబడ్డాక స్క్రీన్ మీద శాతం తప్పు చూపొచ్చు, ఎందుకంటే వాటిలో వోల్టేజి దాదాపు సమంగా ఉండి ఎంత మిగిలిందో అంచనా కట్టడం కష్టం. ఒకసారి వంద శాతం దాకా ఛార్జ్ చేయిస్తే లెక్క సరిపడుతుంది. డెలివరీకి ముందే ఆ పని చేయమనండి.

అన్నిటికన్నా ముఖ్యం: వారంటీ ఏ రోజు నుంచి మొదలని రాశారు? చాలా కంపెనీలు బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తాయి. ఆ ఎనిమిదేళ్ళు మీరు తాళాలు తీసుకున్న రోజు నుంచి లెక్కించాలి, తయారైన రోజు నుంచి కాదు. కాగితం మీద చూడకుండా ఒప్పుకోకండి.

తొలిబండి

అందరికీ చాలా థాంక్స్. ఈ ఉదయం షోరూమ్‌కు వెళ్ళి ఛాసిస్ నంబరు అడిగాను. లేదన్నారు. తర్వాతి విడతలో నా వేరియంట్ ఉందా అంటే, తెల్లరంగులో ఉంది, నేను బుక్ చేసిన నీలంలో లేదన్నారు. ఇన్ని నెలల్లో నాకు అందిన మొదటి సూటి సమాధానం ఇదే. రంగు మార్చమన్నాను. పదిహేను రోజుల్లో నంబరు ఇవ్వకపోతే అడ్వాన్సు మొత్తం వెనక్కిస్తామని, బుకింగ్ నాటి ధరే ఉంటుందని మెయిల్‌లో రాయించుకున్నాను. స్టాక్ కారు రేంజ్ మా రోజువారీ తిరుగుడుకు చాలదు, కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. పాత కారు కొనేవాళ్ళకు ఆగలేకపోతే వేరే చూసుకోమని చెప్పేశాను.

ఇంకొక్క సందేహం. ఇంటి దగ్గర ఛార్జర్ ఇప్పుడే పెట్టించుకోవాలా, నంబరు వచ్చాకా?

సర్క్యూట్

మెయిల్ రాయించుకోవడం చాలా మంచి పని. ఛార్జర్ కొనడం నంబరు వచ్చాకే. కానీ కరెంటు లోడ్ పెంచమని దరఖాస్తు, ఎర్తింగ్, వైరింగ్ పనులు ఈ వారమే మొదలుపెట్టండి. వాటికి ఎంతకాలం పడుతుందో చెప్పలేం, పైగా ఏ కారు వచ్చినా అవి అవసరమే.