మూడేళ్ళ చెరువు లీజుకి నోటరీ సరిపోద్దా? తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు, పవర్ ఉందంటున్నారు

చెరువుగట్టు_కుర్రాడు:
నమస్తే అండి అందరికీ. మాది మలికిపురం దగ్గర. 6 ఎకరాల రొయ్యల చెరువు ఒకటి మూడేళ్ళకి లీజుకి తీసుకుందామని మాటలయ్యాయి. రైతులు ఇద్దరన్నదమ్ములు, చెరో మూడెకరాలు, ఎవరి పాస్‌పుస్తకం వాళ్ళకుంది. పెద్దాయన ఊళ్ళోనే ఉంటారు, చిన్నాయన కువైట్‌లో ఉంటారు, తమ్ముడి వాటాకి కూడా నేనే సంతకం పెడతాను నా దగ్గర నోటరీ చేసిన పవర్ (పవర్ ఆఫ్ అటార్నీ, తమ్ముడి బదులు సంతకం పెట్టే అధికార పత్రం) ఉంది అంటున్నారు పెద్దాయన. లీజు కాగితం కూడా వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయించేద్దాం, ఇక్కడ అందరూ అలాగే చేసుకుంటున్నారు, రిజిస్ట్రేషన్ దండగ ఖర్చు అంటున్నారు. గట్లు కట్టించడం, ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మిషన్లు), ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు అంతా నాదే, మొదటి ఏడాది లీజు ముందే కట్టాలి, అందుకే గుండెలు పీకుతున్నాయి. రెండోది, మా బావగారూ నేనూ కలిసి మేత, మందుల షాపు పెడుతున్నాం, బ్యాంకువాళ్ళు పార్టనర్‌షిప్ డీడ్ నోటరీ చేయించి తెమ్మన్నారు, షాపు అద్దె కాగితం కూడా. అసలు నోటరీ దేనికి పనికొస్తది దేనికి పనికిరాదు, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

కోర్టు_సెంటర్:
నేను లాయరుగారి దగ్గర గుమాస్తాగా చాలా కాలం నుంచి చేస్తున్నాను, ఇలాంటి కాగితాలు రోజూ చూస్తాను కాబట్టి చెప్తున్నా. నోటరీ అనేది 1952 చట్టం కింద ప్రభుత్వం వేసిన పోస్టు, కనీసం పదేళ్ళు ప్రాక్టీసు చేసిన లాయర్లకి ఇస్తారు (మహిళలకీ, ఎస్సీ ఎస్టీ బీసీలకీ ఏడేళ్ళు చాలు). ఆయన చేసే పని ఏంటంటే ఫలానా మనిషి ఫలానా తేదీన నా ఎదురుగా ఈ కాగితం మీద సంతకం పెట్టాడు అని సాక్ష్యం చెప్పడం, ప్రమాణ పత్రం తీసుకోవడం, ఒరిజినల్ చూసి జిరాక్సు సరిగ్గా ఉందని ధ్రువీకరించడం. అంతవరకే. లోపల రాసిందంతా చెల్లుద్దని ఆయన గ్యారంటీ ఇవ్వడు, నోటరీ చేసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అయినట్టు అసలే కాదు.

ఇప్పుడు మీ లీజు సంగతి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌లో ఏడాది దాటిన లీజు కచ్చితంగా రిజిస్టర్ చేయించాలని ఉంది, మన ఆంధ్రాలో అయితే 1999 సవరణతో ఏడాది లోపు లీజుకి కూడా అదే రూలు. చెరువు కదా పొలం కాదు కదా అని కొందరు వాదిస్తారు, ఆ చట్టంలో స్థిరాస్తి అంటే ఏంటో చెప్పే చోటే చేపల చెరువుల హక్కులు కూడా వస్తాయని రాసేశారు, కాబట్టి ఆ మాట నిలబడదు. రిజిస్టర్ కాని మూడేళ్ళ లీజు పట్టుకుని కోర్టుకెళ్తే 49వ సెక్షన్ అడ్డొస్తది, మూడేళ్ళని రాసుకున్న షరతు మీకు పనికిరాకుండా పోద్ది. చెరువు మీ స్వాధీనంలో ఉందని చూపించుకోడానికి ఆ కాగితం ఎంతో కొంత ఉపయోగపడొచ్చేమో గానీ రెండో ఏడాది పెద్దాయన లెగు అంటే నిలబడి అడగడం కష్టం. ఇంకోటి, వంద రూపాయల స్టాంపు అన్నిటికీ సరిపోదండి, లీజుకి డ్యూటీ వేరే ఉంటది, తక్కువ పడితే కోర్టులో ఆ తేడా కట్టించుకుని దానికి పది రెట్ల దాకా జరిమానా వేసే వీలుంది. దండగ ఖర్చు అన్నారే, గట్లకి మీరు పెట్టే డబ్బు ముందు అదెంత.

లంకల_రైతు:
గుమాస్తాగారు చెప్పింది కరెక్టే గానీ మా ఊరి వైపు 11 నెలల కాగితం రాసుకుంటాం, అయిపోయాక మళ్ళీ ఇంకోటి, రిజిస్ట్రేషన్ ఎవరూ చేయించరు. 2019లో వచ్చిన కౌలుదారుల చట్టంలో కార్డు కూడా 11 నెలలకే ఇస్తారు కదా.

కోర్టు_సెంటర్:
లంకల_రైతు గారూ, వరికీ కూరగాయలకీ అది నడుస్తది, కౌలు కార్డు పంట రుణం కోసం, నష్టపరిహారం కోసం, పంట కోసేసరికి దాని పని అయిపోద్ది. ఈ కుర్రాడు మొదటి ఏడే గట్లకీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ పెట్టేస్తున్నాడు, ఆ డబ్బు మూడేళ్ళ పట్టుబడుల (రొయ్యలు పట్టి అమ్మడం) మీద గానీ తిరిగి రాదు. 11 నెలల తర్వాత రైతు కొత్త కాగితం రాయను అంటే చెయ్యగలిగిందేమీ లేదు. వైరస్ వచ్చి మొదటి పంట పోయిన చోట్ల రైతూ లీజుదారూ ఎలా మాటామాటా అనుకుంటారో మీకు నేను చెప్పాలా. ఒకే రోజు మూడు 11 నెలల కాగితాలు రాసి మూడింటికీ నోటరీ చేయించేవాళ్ళూ ఉన్నారు, అది అసలు చెయ్యొద్దు, చూసినవాడికెవరికైనా మూడేళ్ళ లీజేనని తెలిసిపోద్ది.

కోనసీమ_టు_కువైట్:
తమ్ముడూ నేను సాల్మియాలో ఉంటాను, మాది సఖినేటిపల్లి. పవర్ గురించి ఒక్కటే అడుగుతున్నా, ఆ కాగితం మీద నోటరీ సీలు ఎక్కడిది? రాజోలుదో అమలాపురందో అయితే, ఆ తేదీన చిన్నాయన ఇండియాలో ఉన్నాడా? మనిషి కువైట్‌లో ఉండగా రాజోలు నోటరీ ఎదురుగా సంతకం ఎలా పెడతాడు? పాస్‌పోర్టులో స్టాంపులు చూస్తే తేలిపోద్ది. ఇక్కడి వాళ్ళు తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టి ఊరెళ్ళేవాళ్ళకిచ్చి పంపేస్తుంటారు, అక్కడెవరో నోటరీ చేయించేస్తారు, నాకు ఆ పని చూస్తే ఒళ్ళు మండుద్ది, తర్వాత అన్నదమ్ముల మధ్య తేడా వస్తే మధ్యలో నలిగేది నీలాంటి కుర్రాళ్ళే.

సరైన పద్ధతి ఏంటంటే ఆయన ఇక్కడ ఇండియన్ ఎంబసీకి పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళి అధికారి ముందు సంతకం పెట్టి అటెస్ట్ చేయించాలి, సర్వే నంబర్లు, ఎన్ని ఎకరాలు, లీజుకివ్వడానికీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చెయ్యడానికీ అన్నకి అధికారం ఇస్తున్నానని స్పష్టంగా రాయాలి. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టాలి, ఇది చాలామంది మర్చిపోతారు. వెళ్ళే ముందు డ్రాఫ్టు వాట్సాప్‌లో మీ దస్తావేజు రాసేవాళ్ళకి చూపించుకోండి, ఎందుకంటే సర్వే నంబరు ఒక్కటి తప్పు పడినా ఆయన మళ్ళీ సెలవు పెట్టుకుని వెళ్ళాలి, ఇక్కడ కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) సెలవు ఇవ్వడం ఎంత కష్టమో ఆయన్నే అడుగు.

పాలకొల్లు_అక్క:
షాపు సంగతి నేను చెప్తాను బాబూ, మాదీ పార్టనర్‌షిప్పే. బ్యాంకుకి నోటరీ చేసిన డీడ్ ఇస్తే అకౌంటు తెరుస్తారు, అది నిజమే. కానీ అక్కడితో ఆపకుండా ఫర్మ్‌ని రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేయించుకోండి. 1932 పార్టనర్‌షిప్ చట్టం 69వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాని ఫర్మ్ బయటివాళ్ళ మీద బాకీ దావా వెయ్యలేదు. మేత షాపంటే మొత్తం అప్పు మీదే కదా, పట్టుబడి అయ్యాక ఇస్తామంటారు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) బాలేదంటారు, రేటు తగ్గిందంటారు, లక్షలు బయటే ఉండిపోతాయి. బావగారే కదా అని లాభం వాటాలు, ఎవరెంత పెట్టారు, ఎవరైనా బయటికెళ్తే లెక్క ఎలా తేల్చాలి ఇవన్నీ రాయకుండా వదిలెయ్యకండి, మీ అక్క మొహం చూసి అసలే వదలకండి.

అద్దె కాగితం 11 నెలలకి రాసుకున్నా గుమాస్తాగారు చెప్పినట్టు రిజిస్టర్ చేయించుకోవడమే మంచిది, జీఎస్టీకి అదీ కరెంటు బిల్లూ అడుగుతారు. ఆధార్, పాన్ జిరాక్సులకి మాత్రం ఎవరో చెప్పారని నోటరీకి పరిగెత్తకండి, చాలా చోట్ల మీరే సంతకం పెట్టిన కాపీ తీసుకుంటారు, నోటరీ కావాలంటేనే చేయించండి.

చెరువుగట్టు_కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్ అండి. పవర్ కాగితం ఫొటో తెప్పించుకుని చూశాను, సీలు ఇక్కడిదే. చిన్నాయనకి ఫోన్ చేస్తే సంక్రాంతికి వచ్చి వెళ్ళాను మళ్ళీ రాలేదు అన్నారు, కాగితం మీద తేదీ శ్రావణమాసంలోది. ఆయనకి లీజు ఇవ్వడం ఇష్టమే, ఎంబసీకి వెళ్తానని కూడా అన్నారు. పెద్దాయన మాత్రం నన్నే అనుమానిస్తావా అని నొచ్చుకున్నారు. ఆయన మా నాన్నకి స్నేహితుడు, ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఈలోగా ఆయన వాటా మూడెకరాలకి కాగితం రాసేసుకోవచ్చా?

కోర్టు_సెంటర్:
రాసుకోవచ్చు, ఆయన వాటాకి ఆయన సంతకం చాలు, రిజిస్టర్ మాత్రం చేయించండి. కానీ రెండు వాటాలకీ కలిపి ఒకటే గట్టు, ఒకటే తూము అయితే సగం చెరువుతో మీరేం చేస్తారు, ఒక నెల ఆగి రెండూ కలిపి ఒకే దస్తావేజు చేయించుకోవడమే నా సలహా. అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వాల్సి వస్తే బ్యాంకు ద్వారా ఇవ్వండి, రసీదులో సర్వే నంబర్లు రాయించండి. 2020 చట్టం కింద తీసుకునే ఆక్వా లైసెన్సు ఎవరి పేరున ఉందో, కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందో అవి కూడా లీజులో ఎక్కించండి. ఆ పాత పవర్ మీద మాత్రం మీరు ఏ సంతకమూ పెట్టొద్దు, సాక్షిగా కూడా.

పెద్దాయనకి మీరు చెప్పకండి, మీ నాన్నగారిని తీసుకెళ్ళండి. రేపు తమ్ముడి పిల్లలు ఎవరైనా అడిగితే మీ మీద మాట రాకూడదనే ఇదంతా అండి అని ఆయన చేత చెప్పించండి, ఆ మాటకి ఆ వయసువాళ్ళు మెత్తబడతారు.

కోనసీమ_టు_కువైట్:
తమ్ముడూ ఆయన ఏ ఏరియాలో ఉంటారో ప్రైవేట్ మెసేజ్ పెట్టు, వచ్చే వారం నాకూ ఎంబసీలో పనుంది, కావాలంటే తోడు వెళ్తాను.